సమస్యాపూరణం: కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం.

కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

సందర్భం చెబుతాను. 1966 నుంచి 1969 దాకా అమెరికా టీవీలో 79 ఎపిసోడ్లుగా వచ్చిన అంతరిక్ష నౌక కథ 'స్టార్ ట్రెక్' పదేళ్ల తర్వాత 'స్టార్ ట్రెక్: ది మోషన్ పిక్చర్' అనే సినిమా అయింది. దర్శకుడు రాబర్ట్ వైజ్, విడుదల 1979 డిసెంబర్ 7. సుమారు 4.4 కోట్ల డాలర్ల ఖర్చు, అప్పటికి చాలా పెద్ద మొత్తం. జనం బాగానే వచ్చారు. కానీ టీవీలో ఉన్న చురుకు, కిర్క్, స్పాక్, మెకాయ్ అనే ముగ్గురు స్నేహితుల మాటల పోట్లాట ఇందులో ఏవని చాలామంది నిరాశపడ్డారు. చలనం లేని చలనచిత్రమని పేరు కూడా పెట్టారు. ఆ మాటే సమస్యగా ఇచ్చాను. నాకు ఈ సినిమా ప్రాణం. అయినా తిట్టే పూరణలనూ ఇష్టంగా చదువుతాను, యతి మాత్రం, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, తప్పకండి.

గోదావరి:
పాత నౌకను చుట్టుచు పడవలోన
కన్ను విప్పార్చి కెప్టెను కాంచుచుండ
మాటయే లేని వేళలో మధుర గీతి
కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

రేవులో ఉన్న ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక చుట్టూ దాని పాత కెప్టెన్ కిర్క్, ఇంజనీర్ స్కాటీ చిన్న వాహనంలో తిరిగే సన్నివేశం ఇది. కొన్ని నిమిషాల పాటు దాదాపు మాటల్లేవు. ముందు కమ్మీల సందుల్లోంచి ఓడ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మలుపు తిరిగాక నిండుగా ఎదురొస్తుంది. ఊరొదిలి చాలాకాలానికి సొంతింటి ముందు నిలబడ్డ మనిషిలా ఉంటుంది కిర్క్ ముఖం.

నిర్వాహకుడు:
భావం చాలా బాగుంది. రెండు సవరణలు. 'చుట్టుచు' ద్రుతాంతం, అంటే చివర నకారం వచ్చే మాట, కనుక తర్వాతి 'ప' 'బ' అయి 'చుట్టుచుఁ బడవలోన' అనాలి, యతికి ఇబ్బంది లేదు. మూడో పాదంలో 'గీతి' సరిపోలేదు. గీతి అంటే పాట. అక్కడ వినిపించేది జెర్రీ గోల్డ్‌స్మిత్ వాద్యసంగీతం. 'మాట లేకయె వాద్యమ్ము మధురమవఁగ' అంటే సరిపోతుంది.

పాలపుంత:
తెరను మేఘాలు మేఘాలు తిరుగుచుండ
చూచి చూచియు విసుగెత్తఁ జూపరులకు
ఆసనము నుండి యందఱ నవలకపుడు
కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

గురువుగారూ, క్షమించండి, నా అనుభవం ఇదే. ఓడ కథలోని ఆ పెద్ద అంతరిక్ష మేఘంలోకి వెళ్లాక రంగులు, రంగుల్ని చూసే సిబ్బంది ముఖాలు, మళ్లీ రంగులు. దృశ్యమాయలు చేసిన డగ్లస్ ట్రంబుల్ పనితనాన్ని కాదనను, కానీ అక్కడ కథ ఆగిపోయింది. ఆ కథ కూడా 1967లో టీవీలో వచ్చిన నోమాడ్ అనే యంత్రం ఎపిసోడ్‌కు బాగా దగ్గర. గంటలోపు అయిపోయినదానికి ఇక్కడ 132 నిమిషాలు తీసుకున్నారు.

నిర్వాహకుడు:
క్షమాపణ ఎందుకండీ! 'కదలఁజేసె'కు జనాన్ని కుర్చీల్లోంచి లేపడం అనే అర్థం తీయడం ఈ వారానికే మంచి విరుపు. 'మేఘాలు మేఘాలు' అన్న చోట పద్యమే విసుగు పుట్టించేలా సాగింది, అది గుణమే. నోమాడ్ పోలిక కూడా నిజం. అయితే విడుదల తేదీ ముందే ఖాయం కావడంతో ఎడిటింగ్‌కు వైజ్‌కి తీరిక దొరకలేదు. 2001లో ఆయనే సరిచేసిన ప్రతి ఒకసారి చూడండి.

అభ్యాసి:
భరతదేశపు సుందరి పర్సిసమ్మ
గుండు గీయించుకొని వచ్చి నిండుగాను
నిలువఁ గనులార్ప మఱచితి నిముసమేని
కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

1965 మిస్ ఇండియా పర్సిస్ ఖంబాటా మన బొంబాయి అమ్మాయి. ఇలియా పాత్ర కోసం నిజంగానే జుట్టంతా తీయించుకుంది.

పాలపుంత:
రెండో పాదంలో గు, ని లకు యతి ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు:
యతి కాదు, ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరం కలవడం. 'గుండు', 'నిండు' చూడండి. తేటగీతిలో నిక్షేపంగా వాడవచ్చు. అభ్యాసిగారూ, 'మఱచితి' దగ్గర వాక్యం ముగిసింది కనుక నాలుగో పాదం విడిగా నిలబడింది. 'నన్ను' అనే మాట ఎక్కడైనా ఇమిడితే ఎవరిని కదిలించిందో తెలుస్తుంది. ప్రయత్నించండి.

ఆకాశదీపం:
సృష్టికర్తను వెదకుచుఁ జేరవచ్చి
దిక్కు తోఁచని యంత్రమ్ము దీనమవఁగ
కంటఁ దడిలేని వల్కను కరఁగునట్లు
కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె

1977లో నిజంగా బయల్దేరిన వాయేజర్ అంతరిక్ష నౌకలు రెండే. సినిమాలో మేఘం నడుమ ఉన్న యంత్రం ఊహించిన ఆరోది. ఎంతో తెలివి కూడగట్టుకుని, నన్ను చేసినవాడెవడని అడుగుతూ తిరిగొస్తుంది. దాని కోసం స్పాక్, భావాలు బయటపెట్టని వల్కన్ జాతివాడు, కన్నీరు పెట్టుకునే చోటు థియేటర్ ప్రతిలో లేదు. 2001 ప్రతిలో ఆ కన్నీరు చూశాకే నాకు సినిమా మొత్తం అర్థమైంది.

నిర్వాహకుడు:
సృ, జే లకు యతి చక్కగా చెల్లింది. 'కంటఁ దడిలేని వల్కను' అన్న ఒక్క మాటలో టీవీలో మూడేళ్లు చూసిన స్పాక్ అంతా ఉన్నాడు. మార్చడానికి ఏమీ లేదు.

గోదావరి:
ధన్యవాదాలు గురువుగారూ. సవరించిన పూరణ:

పాత నౌకను చుట్టుచుఁ బడవలోన
కన్ను విప్పార్చి కెప్టెను కాంచుచుండ
మాట లేకయె వాద్యమ్ము మధురమవఁగ
కదలికయె లేని చిత్రమ్ము కదలఁజేసె