నేపియర్ గడ్డికి పొలం ఇవ్వొచ్చా?

మెట్టరైతు: 2025 ఏప్రిల్‌లో మా కనిగిరి వైపు దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. పశువులకు మేతగా వేసే నేపియర్ గడ్డి నుంచి గ్యాస్ తీస్తారు. మాకు ఆరెకరాల మెట్ట ఉంది. వానపడితే కంది, లేకుంటే బీడు. గడ్డికి ఇద్దామని తమ్ముడు, వద్దని నాన్న. మీరేమంటారు?

పాలమూరు పిల్లోడు: మీ నాన్న మాట వినండన్నా. 2006లో మా నాయన ఎకరంన్నరలో అడవి ఆముదం, అదే జట్రోఫా, పెట్టిండు. దాని గింజల నూనెతో బయోడీజిల్ చేసి, 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం కలపాలని 2003లోనే ప్లానింగ్ కమిషన్ కమిటీ చెప్పింది. నీళ్లక్కర్లేదు, బీడులో పెరుగుతదన్నరు. పెరిగింది, కాయలే లేవు. మూడేండ్లు ఆగి ఏరితే గోనెసంచి నిండలే. కొంటానన్న ఏజెంటు ఫోనెత్తలే. గింజ విషం, ఆకు మేక కూడా ముట్టదు. జేసీబీతో పీకించినం, దానికీ అప్పే.

గేదెలాయన: రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు. అరెకరంలో నేపియర్ వేశాను. మొదటి కోతకు రెండున్నర నెలలు, తర్వాత రెండు నెలల లోపే మళ్లీ కోతకొస్తుంది. కంపెనీ మొహం చాటేస్తే గేదెలు తింటాయి.

పాలమూరు పిల్లోడు: మీకు బోరుందిగా! ఆయనది మెట్ట. అయినా ఆరెకరాల గడ్డి ఎన్ని గేదెలు తింటయి? పచ్చిగడ్డిలో నాలుగింట మూడొంతులు నీళ్లే, లారీకెత్తి దూరం పంపితే కిరాయే మిగలదు. అంటే కొనేటోడు ఒక్కడే. ఆ లెక్కన మొక్కజొన్న నయం. దానితోని పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ చేసేటోళ్లు వద్దంటే కోళ్ల దాణా వాళ్లు కొంటరు.

గేదెలాయన: నీళ్ల సంగతి నిజమే, బోరు లేకపోతే కష్టం. అందుకే పంట మీరు వేయొద్దు, పొలం కంపెనీకి లీజుకివ్వండి. ఎండినా వాళ్ల నష్టమే.

కౌలు బతుకు: లీజంటే ఆసామికి హాయే, మరి నేను? మూడెకరాలు కౌలుకి చేస్తున్నా, కాగితం లేదు. ఆయన కంపెనీకిస్తే మర్నాడే నన్ను పొమ్మంటాడు. ఇష్టమా అని రైతునడుగుతారు గానీ, దున్నేవాణ్ణి ఎవరడిగారు?

మెట్టరైతు: నిజం చెప్పాలంటే మా ఆరులో రెండు కౌలుకిచ్చినవే. ఆ ఆలోచనే రాలేదు, తప్పు నాదే. కంపెనీ తరఫున మాట్లాడటానికి వచ్చినవాళ్లను మూడు అడుగుతా: గడ్డి ఎండిన ఏడు కూడా లీజు డబ్బు వస్తుందా, మధ్యలో మానేస్తే దుబ్బులు పెరికి ఇస్తారా, కౌలు చేసే అతనికి పని ఉంటుందా. ఇంకేమైనా అడగాలంటే ఆదివారం లోపు చెప్పండి.