హై బీమ్‌తో వెలిగే అదనపు లైట్లు: రిలే కాయిల్‌కి ప్లస్ ఎక్కడి నుంచి తీయాలి?

అందరికీ నమస్కారం. 24 వోల్టుల ట్రక్కు ముందు బంపర్‌కి 60 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు నాలుగు బిగిస్తున్నాను. మొత్తం 10 యాంపియర్లు. బ్యాటరీ నుంచి 15 యాంప్ ఫ్యూజ్, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) 30వ పిన్ను, 87వ పిన్ను నుంచి లైట్లు. ఇంతవరకు అనుమానం లేదు.

చిక్కంతా రిలేని ఆన్ చేసే కాయిల్ (85, 86 పిన్నుల మధ్య ఉండే తీగచుట్ట) దగ్గరే. హెడ్‌లైట్ ప్లగ్ తీయకుండా వెనక నుంచి మల్టీమీటర్‌తో చూస్తే, డిమ్‌లో ఉన్నప్పుడు హై బీమ్ వైరులో 24 వోల్టులు చూపిస్తోంది, హై బీమ్ వేయగానే సున్నాకి పడిపోతోంది. అంటే ఈ బండిలో స్విచ్ అయ్యేది ప్లస్ కాదు, ఎర్త్. కాబట్టి 85ని ఆ హై బీమ్ వైరుకే కలపాలి కదా?

86కి బ్యాటరీ ప్లస్ నేరుగా ఇస్తే, హెడ్‌లైట్లు ఆపేసినా కరెంటు బల్బులోని రెండు ఫిలమెంట్ల గుండా ఎర్త్‌కి పోయి రిలే ఆన్ అయిపోతుందేమోనని నా భయం. అందుకే హెడ్‌లైట్ కామన్ ప్లస్ వైరు నుంచి, డాష్‌బోర్డు స్విచ్ మీదుగా 86కి ఇద్దామనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?

ఇంకో అవసరం కూడా ఉంది. రాత్రిపూట బండి ఆపి సరుకు దించేటప్పుడు హెడ్‌లైట్లు వేయకుండా ఇవి మాత్రమే వెలగాలి. దానికి రెండో రిలే పెట్టి 87లు రెండూ కలిపేయాలా, లేక ఒకే రిలేకి డయోడ్లతో (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) సరిపోతుందా? నాకైతే రెండు రిలేలే మేలనిపిస్తోంది, రేపు ఏదైనా పాడైతే వెతకడం తేలిక. ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వైర్లు కోసే ముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.