పాత ప్రయోగశాల భవనానికి మరమ్మతులు: శాఖ తరఫున పర్యవేక్షించేవారు ఏం చూడాలి?

గుంటూరు అధ్యాపకురాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. నలభయ్యేళ్లు దాటిన మా రెండంతస్తుల ప్రయోగశాల భవనానికి మరమ్మతులు మంజూరయ్యాయి. టెండరు కూడా ఖరారై, వేసవి సెలవుల్లో పని మొదలు కాబోతోంది. కింద ఉన్న పాత డిగ్రీ ల్యాబును నాలుగు ఫ్యూమ్ హుడ్‌లతో (రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే, ముందువైపు తెరుచుకునే పెట్టెలు) పరిశోధన ల్యాబుగా మార్చాలని, పైన సూక్ష్మజీవశాస్త్రం వారికి గదులు ఇవ్వాలని నిర్ణయించారు. శాఖ ప్రతినిధిగా పర్యవేక్షణ బాధ్యత నాకు అప్పగించారు. కట్టుబడి పని గురించి నాకు తెలిసిందల్లా మా ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రితో వాదించినంత మాత్రమే.

శ్లాబు అడుగున చాలాచోట్ల పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. వదులుగా ఉన్నవి చెక్కేసి, ప్లాస్టరింగు చేసి రంగు వేస్తే కొత్తదానిలా ఉంటుందని గుత్తేదారు మనిషి అంటున్నాడు. ఇంజినీరింగు విభాగం వారు వారానికి ఒకసారి వచ్చి వెళతారు. మిగతా రోజుల్లో నేను ప్రత్యేకంగా ఏయే పనులు గమనించాలి? ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు?

విశ్రాంత ఇంజినీరు, విజయవాడ:

అమ్మా, రంగు సంగతి తర్వాత, ముందు శ్లాబు సంగతి తేల్చండి. కాంక్రీటులో ఉండే క్షారగుణమే లోపలి చువ్వను తుప్పు నుంచి కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకేకొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది. పైగా మీది రసాయనశాల కాబట్టి ఆమ్లపు ఆవిర్లు, సింకుల నుంచి కారిన నీళ్లు కూడా తోడై ఉంటాయి. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెట్టింపును మించిపోతుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. అలాంటి చువ్వ మీద ప్లాస్టరింగు చేయడమంటే చీము తీయకుండా కట్టు కట్టినట్టే. రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి అదే పెచ్చు ఇంకాస్త పెద్దదై ఎవరో విద్యార్థి బల్ల మీద పడుతుంది.

కాంక్రీటును పగలగొట్టకుండానే నాణ్యత అంచనా వేసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పల్స్ పరీక్షలు చేయించమని, అనుమానం ఉన్నచోట కోర్ (పరీక్ష కోసం గుండ్రంగా కోసే కాంక్రీటు ముక్క) తీయించమని ఇంజినీరింగు విభాగానికి రాతపూర్వకంగా అడగండి. చువ్వ వెనక వైపు దాకా కాంక్రీటు చెక్కి, తుప్పు పూర్తిగా గీకి, చువ్వ సన్నబడితే పక్కన కొత్తది కలిపి, ఆ తర్వాతే మరమ్మతుల కోసమే తయారయ్యే పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో వేయాలి. ఇది మీ అంచనాలో లేకపోతే అదనపు ఐటమ్ అవుతుంది, రివైజ్డ్ ఎస్టిమేట్‌కు వెళుతుంది, ఆలస్యమవుతుంది. అయినా పని సగంలో బయటపడే కంటే ఇప్పుడే తేలడం మేలు.

పైఅంతస్తు మీద బరువు కూడా లెక్క వేయించండి. రెండు సెంటీమీటర్ల మందం గ్రానైట్ పలకే చదరపు మీటరుకు యాభై కిలోలు దాటుతుంది. దాని కింద ఇటుక దిమ్మెలు, పైన ఆటోక్లేవులు (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే బరువైన పాత్రలు) వస్తే పాత శ్లాబు తట్టుకుంటుందో లేదో డిజైన్ చేసేవారే చెప్పాలి. పైపులు, డక్టుల కోసం దూలాలకు కన్నాలు వేయనివ్వకండి. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక డ్రిల్లింగు మిషను మోత వినిపిస్తే ఒకసారి వెళ్లి చూడండి. మన ప్రాంతానికి భూకంపాల ముప్పు ఓ మోస్తరుగా ఉందన్న సంగతి ఆ పని చేసే కుర్రాడికి తెలియదు.

క్యూరింగు, అంటే కొత్త కాంక్రీటును తడిపి ఉంచడం గురించి ఒక్కమాట. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పొడి ఎండల్లో పది రోజులకు తగ్గకుండా తడి ఆరనివ్వకూడదు. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటుకైతే పద్నాలుగు రోజులు ఉంచడం మంచిదని కూడా అందులోనే ఉంది. మే నెలలో మన దగ్గర పొద్దున పెట్టిన తడి మధ్యాహ్నానికి ఉండదు. గోనెపట్టాలు కప్పించి, మీరు చేత్తో తాకి చూడండి.

ఇక సంతకాల విషయం. బిల్లుకు ఆధారమైన మెజర్‌మెంట్ బుక్‌లో కొలతలు రాయడం ఇంజినీరు పని, అక్కడ మీరు సంతకం పెట్టవద్దు. పని స్థలంలో గుత్తేదారుకు ఆదేశాలు రాసే సైట్ ఆర్డర్ పుస్తకంలో మాత్రం మీ అభ్యంతరాలన్నీ తేదీతో సహా రాయించండి. నోటిమాటకు బిల్లు వచ్చే రోజున విలువ ఉండదు.

ల్యాబ్ టెక్నీషియన్:

మేడం, మా కాలేజీలో జరిగింది చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను. మాకూ నాలుగు హుడ్‌లే పెట్టారు. ప్రారంభోత్సవం నాడు ఒక్కటే నడిపి చూపించారు, బాగుంది. నాలుగూ ఒకేసారి వేసిన రోజు గది తలుపు లాగితే రాలేదు, కిటికీ సందుల్లోంచి ఈల వేసినట్టు శబ్దం. అగరుబత్తి వెలిగించి ఒక హుడ్ నోటి దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి పోవాల్సింది పోయి నా ముఖం మీదికి వచ్చింది.

లెక్క చూస్తే కారణం తెలిసింది. హుడ్ నోటి దగ్గర గాలి వేగం సెకనుకు అర మీటరు ఉండాలని సాధారణంగా పెట్టుకుంటారు. మీటరున్నర వెడల్పు, అర మీటరు ఎత్తు తెరిచి ఉంచితే ఒక్కో హుడ్ గంటకు 1,350 ఘనపు మీటర్ల గాలి బయటికి తోస్తుంది. నాలుగూ కలిసి 5,400. మా గదిలో ఉన్న గాలి మొత్తం 270 ఘనపు మీటర్లు. అంటే గంటకు ఇరవైసార్లు గది ఖాళీ అవుతుంటే, లోపలికి వచ్చే గాలికి అంచనాలో ఒక్క రూపాయి లేదు. స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి కదా అన్నారు. అవి ఉన్న గాలినే తిప్పుతాయి కానీ బయటి గాలిని తేవు. మీ అంచనాలో తాజా గాలి యూనిట్ అనే ఐటమ్ ఉందో లేదో ఈరోజే చూడండి.

ఫ్యాను హుడ్ మీద కాకుండా డక్టు చివర, మేడ మీద ఉండాలి. అప్పుడు డక్టులో ఎక్కడైనా సందు ఉన్నా గది గాలి దానిలోకి పోతుందే తప్ప ఆవిరి బయటికి రాదు. మాకు జీఐ (జింకు పూత ఇనుప) రేకు డక్టు వేశారు, ఆమ్లానికి అది చిల్లులు పడింది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గాని ఎఫ్‌ఆర్‌పీ (నారలతో బలపరిచిన ప్లాస్టిక్) గాని అడగండి. గొట్టం చివర వానకు టోపీ పెట్టనివ్వకండి, అది పొగను తిరిగి కిందికే నెడుతుంది. మీ పైఅంతస్తు కిటికీల వైపు అసలు తిప్పనివ్వకండి.

సింకుల నీళ్లు మరుగుదొడ్ల లైనులో కలపకుండా, విడిగా న్యూట్రలైజేషన్ ట్యాంకుకు (ఆమ్ల, క్షార గుణాలను తటస్థం చేసే తొట్టికి) వెళ్లాలి. ఏ పైపు ఎక్కడికి పోతుందో టైల్సు పడకముందే ఒక్కో సింకులో రంగునీళ్లు పోసి చూడండి. మేము టైల్సు వేశాక చూశాం, పగలగొట్టించడానికి రెండు నెలలు పట్టింది.

విద్యుత్ పనుల నిపుణుడు:

పై ఇద్దరూ చెప్పాక నాకు మిగిలింది కొంచెమే. పరికరాల గదికి విడి ఎర్తింగు గుంటలు తీయించి, నిరోధం కొలిచిన విలువలు కాగితం మీద తీసుకోండి. మన నల్లరేగడి వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది, అప్పుడే కొలిపించండి. వానల్లో కొలిస్తే ఎవరికైనా మంచి అంకె వస్తుంది. ప్రధాన ప్యానెల్ నేలకు దగ్గరగా పెట్టనివ్వకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల్లోని కరెంటు బోర్డుల గతి ఏమైందో అక్కడివారికి చెప్పనక్కరలేదు. గ్యాస్ సిలిండర్లు గదిలో వద్దు. బయట నీడలో గొలుసు కట్టి ఉంచి, లోపలికి లైను తెప్పించండి. గోడలో పైపు మూసే ప్రతిచోటా ముందుగా టేపు పట్టి ఫోటో తీసుకోండి. పదేళ్ల తర్వాత మేకు కొట్టేవాడికి ఆ ఫోటోయే దిక్కు.

గుంటూరు అధ్యాపకురాలు:

పెద్దలందరికీ కృతజ్ఞతలు. నిన్న అంచనా కాగితాలు తెప్పించి చూశాను. నాలుగు హుడ్‌లు ఉన్నాయి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్నాయి, తాజా గాలి యూనిట్ మాత్రం లేదు. లెక్క జతచేసి ఇంజినీరింగు విభాగానికి లేఖ రాశాను.

ఈరోజు పొద్దున ముసలి తాపీ మేస్త్రి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, చిన్న సుత్తితో శ్లాబు అడుగున కొడుతూ ఎక్కడ గట్టిగా మోగుతుందో, ఎక్కడ డొల్లగా మోగుతుందో వినిపించారు. ఇద్దరం నిచ్చెన జరుపుకుంటూ సుద్దముక్కతో గుర్తులు పెడితే, బయటికి బాగానే కనిపిస్తున్న భాగంలోనే పదకొండు చోట్లు తేలాయి. పరీక్షలు చేసేవారు సోమవారం వస్తామన్నారు. అంతవరకు ప్లాస్టరింగు ఆపాలని సైట్ ఆర్డర్ పుస్తకంలో రాయించాను.