పండుగప్ప చేపల చెరువులోకి నీటికుక్కలు రాకుండా కంచె ఎలా వేయాలి?

కోరంగి మడ అడవులకు ఆనుకుని ఉన్న మా ఎకరంన్నర పండుగప్ప చెరువులోకి గత 5 వారాలుగా నీటికుక్కలు వస్తున్నాయి. మొదట బావురుపిల్లి అనుకున్నాను. కానీ గట్టు బురదలో అయిదు వేళ్లు, వాటి మధ్య చర్మపు పొర అచ్చు స్పష్టంగా కనిపించాయి. పిల్లి జాతి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్ల గుర్తు సాధారణంగా ఉండదు. పైగా తూము పక్కన ఒకేచోట పొలుసులు, ముళ్లు నిండిన, ఘాటైన నీచువాసన గల మలం పోగుపడుతోంది. గుంపులో 4 లేక 5 ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు లోపు, ముఖ్యంగా పోటు సమయం దానితో కలిసిన రోజుల్లో, కాలువ వైపు నుంచి వస్తాయి.

గట్టు చుట్టూ 3 అడుగుల నైలాన్ వల కడితే రెండో రాత్రికే అడుగు భాగం కొరికి దూరాయి. మెరిసే దీపాలు వారం రోజులు పనిచేశాయి, తర్వాత వాటికి అలవాటైపోయాయి. కుక్కను కట్టాను గానీ, గుంపును చూసి అదే వెనక్కి తగ్గింది. తరువాత 2 అంగుళాల కన్నుల ఇనుప జాలీని అడుగు లోతు పాతాను. వదులు ఒండ్రుమట్టి కావడంతో దాని కిందనుంచి తవ్వుకుని వచ్చాయి. ఇవి చట్టరీత్యా రక్షిత జంతువులు, వాటికి హాని చేసే ఉద్దేశం నాకు లేదు. ఉచ్చులు, మందుల సలహాలు దయచేసి వద్దు.

ఇటువంటి ఒండ్రు గట్టుపై జాలీని ఇంకా లోతుగా నిలువునా పాతాలా, లేక అడుగు అంచును కాలువ వైపు నేలపై అడ్డంగా పరచి మట్టి కప్పాలా? చేసి చూసినవారు ఎన్ని అడుగులు అవసరమయ్యాయో తెలుపగలరా?