గ్యాస్ట్రిన్ 420 వచ్చింది: మాత్ర వల్లా, జబ్బు వల్లా?

నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్లుగా కడుపులో మంట, నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయినట్టు ఉండటం. రోజూ పరగడుపున ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మాత్ర 20 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. మొన్న చేయించిన రక్తపరీక్షలో గ్యాస్ట్రిన్ 420 వచ్చింది. 100 లోపు ఉండాలని రిపోర్టులోనే రాసి ఉంది. ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

నాకు అర్థమైనంతలో, ఆమ్లం ఊరేలా జీర్ణాశయాన్ని ప్రేరేపించే హార్మోన్ గ్యాస్ట్రిన్. ఆమ్లం తగ్గితే ఇది పెరుగుతుంది. కాబట్టి మాత్ర వల్లే పెరిగి ఉండవచ్చు. కానీ జీర్ణాశయం లోపలి పొర క్షీణించినా ఇలాగే పెరుగుతుందట. ఆ పొర క్షీణిస్తే బి12 విటమిన్ ఒంటికి సరిగా పట్టదట. అమ్మకు బి12 కూడా తక్కువగా ఉంది, నా అనుమానమంతా అక్కడే. గ్యాస్ట్రిన్‌ను స్రవించే కణితి చాలా అరుదని తెలుసు, అయినా ఆ మాట మనసును వదలడం లేదు.

మాత్ర ఆపి మళ్లీ పరీక్ష చేయాల్సి రావచ్చని డాక్టరు అన్నారు. ఆయన చెప్పేదాకా మేం ఆపబోము. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? మాత్ర ఎన్ని రోజులు ఆపమన్నారు, ఆ రోజుల్లో మంటను ఎలా తట్టుకున్నారు? ఎండోస్కోపీలో ముక్క తీసి పరీక్షించాకే కారణం తేలిందా, లేక పెరైటల్ కణాల (జీర్ణాశయంలో ఆమ్లాన్ని తయారుచేసే కణాలు) మీద శరీరమే దాడి చేస్తోందా అని చూసే యాంటీబాడీ పరీక్ష కూడా అవసరమైందా? వచ్చే వారం డాక్టరును కలుస్తున్నాం. ఏమేం అడగాలో చెప్పినా చాలు.