కువైట్‌లో రూము ఎక్కడ చూసుకోవాలి? డ్యూటీ మీనా అబ్దుల్లాలో, చిన్నాన్న ఉండేది ఫర్వానియాలో

ప్రొద్దుటూరు_మెకానికల్
అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. డిప్లొమా మెకానికల్ చేసి ఎర్రగుంట్ల దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు మెయింటెనెన్స్ చేశాను. ఇప్పుడు కువైట్‌లో ఒక కాంట్రాక్ట్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా వచ్చింది, 18 నంబరు వీసా, అంటే ప్రైవేటు కంపెనీలో పనికి ఇచ్చేది, జీతం 280 దినార్లు, ఆగస్టు మొదటి వారంలో ప్రయాణం. సైట్ మీనా అబ్దుల్లా వైపు. కంపెనీ వాళ్ళు సైట్ వైపే ఉన్న మహబూలాలో రూము ఇస్తామంటున్నారు, అది వద్దంటే నెలకి 50 దినార్లు అలవెన్స్ ఇస్తారట. మా చిన్నాన్న పదేళ్ళుగా ఫర్వానియాలో ఉన్నాడు, ఆయన రూములో ఒక బెడ్ ఖాళీ అవుతోంది, 35 దినార్లు. మా అమ్మ చిన్నాన్న దగ్గరే ఉండమని పట్టుబడుతోంది, అక్కడ మన ఊరి వంట ఉంటుంది, నెలకి 15 దినార్లు మిగులుతాయి కూడా. మ్యాప్‌లో చూస్తే 45 కిలోమీటర్ల లోపే చూపిస్తోంది, ముక్కాలు గంట అంటోంది. రోజూ తిరగగలనా? అక్కడ పనిచేసిన వాళ్ళు ఎవరైనా చెప్పండి, పది రోజుల్లో కంపెనీకి జవాబు ఇవ్వాలి.

రాయచోటి_ఫహాహీల్
తమ్ముడూ, నేను ఖైతాన్‌లో ఉండి షుఐబాలో రెండేళ్ళు పనిచేశాను, ఖైతాన్ అంటే మీ చిన్నాన్న ఉండే ఫర్వానియా పక్కనే, షుఐబా అంటే నీ సైట్ ఉండే మీనా అబ్దుల్లా పక్కనే, కాబట్టి ఇంచుమించు నీ దారే. కడపలో ఉండి రోజూ ప్రొద్దుటూరుకి డ్యూటీకి వెళ్ళొచ్చినట్టు అనుకో. కిలోమీటర్లు ఇంచుమించు అంతే, కానీ మ్యాప్ చెప్పే ముక్కాలు గంట నువ్వు సొంత కారులో, ఖాళీ రోడ్డు మీద పోతే. నువ్వు పోయేది కంపెనీ బస్సులో. ఆ బస్సు ముందు ఎక్కడ ఎక్కించుకుంటుంది, చివర ఎక్కడ ఎక్కించుకుంటుంది అన్నదే అసలు సంగతి. మా బస్సు జలీబ్‌లో మొదలై, మా దగ్గరికి వచ్చి, ఆ తర్వాత ఇంకో మూడు చోట్ల ఆగి అప్పుడు ఫహాహీల్ రోడ్డు ఎక్కేది. ఆరింటికి సైట్‌లో ఉండాలంటే మూడున్నరకి లేచేవాణ్ణి, బాత్రూమ్ వంతు కూడా లెక్కవేసుకోవాలి కదా, ఎనిమిది మందికి ఒకటే. సాయంత్రం రూముకి చేరేసరికి ఏడు, వంట వంతు ఉన్న రోజు పడుకునేసరికి పదకొండు. అలాంటి రోజుల్లో నాలుగున్నర గంటల నిద్రే, అలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు స్కాఫోల్డింగ్ మీద నిలబడే కునుకు పట్టింది, పక్కవాడు బెల్టు పట్టుకుని లాగాడు. ఆ నెలాఖరుకే సైట్‌కి దగ్గరగా ఉండే ఫహాహీల్‌కి మారిపోయాను. అద్దె ఎక్కువే, కానీ ఇప్పుడు ఐదింటికి లేస్తాను. నువ్వు చేసేది కూడా యంత్రాల దగ్గర పనే, అందుకని ఇంత వివరంగా రాస్తున్నాను.

కడప_కరీం
కంపెనీ రూములో ఎంతమంది ఉంటారో అడిగావా?

ప్రొద్దుటూరు_మెకానికల్
అడగలేదు భాయ్. ఏజెంటు "మంచి రూము" అన్నాడు, అంతే.

కడప_కరీం
అయితే ఏజెంటుని వదిలెయ్. కువైట్‌లో ఉన్న మందూబ్ నంబరు తీసుకో, కంపెనీ కాగితాల పని చూసేది అతనే. లేదా ఆ క్యాంపులోనే ఉండే ఒక వర్కర్ నంబరు సంపాదించు. రూముకి ఎంతమంది, వంటకి చోటు ఉందా లేక మెస్సేనా, ఏసీ పనిచేస్తుందా, మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఈ నాలుగూ అడుగు. వీడియో కాల్‌లో రూము చూపించమను.

నర్స్_పులివెందుల
నేను తొమ్మిదేళ్ళుగా ఇక్కడ నర్సుని. దూరం గురించి అన్న చెప్పాడు, నేను బిల్డింగు గురించి చెప్తాను. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో వర్కర్లు ఉండే బిల్డింగులో మంటలు లేచి దాదాపు 50 మంది చనిపోయారు, అందులో ఇంచుమించు 45 మంది మన దేశం వాళ్ళే, మన రాష్ట్రం వాళ్ళు కూడా ఉన్నారు. మహబూలా మంగఫ్‌కి దగ్గరే. అక్కడికి వెళ్ళొద్దని అనడం లేదు, ఫర్వానియాలోనూ పాత బిల్డింగులు చాలా ఉన్నాయి. కానీ ఏ రూముకి వెళ్ళినా మొదటి రోజే మెట్ల దారిలో సామాన్లు అడ్డం ఉన్నాయా, మేడ మీది తలుపుకి తాళం వేసి ఉంచుతారా, ఒక పెద్ద రూముని ప్లైవుడ్ అడ్డంపెట్టి నాలుగు చేశారా, ఒకే ప్లగ్గుకి ఎన్ని వైర్లు తగిలించారు, ఇవన్నీ చూడు. హారిస్‌తో, అంటే బిల్డింగు వాచ్‌మన్‌తో, మంచిగా మాట్లాడితే చాలా సంగతులు తెలుస్తాయి.

ఇంకొకటి, సివిల్ ఐడీ, అంటే ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు కార్డు, దాని మీద అడ్రస్. నువ్వు ఉండేది ఒకచోట, కార్డులో ఇంకోచోట ఉంటే కుదరదు. బిల్డింగు కూల్చేసినా, ఓనరు ఫిర్యాదు చేసినా అడ్రస్ తీసేస్తారు, గడువులోగా కొత్తది పెట్టుకోకపోతే 100 దినార్ల దాకా జరిమానా. షేరింగ్ రూముల్లో అసలు అద్దె కాగితం ఒకరి పేరు మీదే ఉంటుంది, మిగతావాళ్ళ అడ్రస్ పెట్టడానికి ఓనరు ఒప్పుకోడు. చిన్నాన్న రూములో నీ పేరు మీద అడ్రస్ పెట్టిస్తారా అని ఇప్పుడే అడిగి తెలుసుకో. కంపెనీ రూము అయితే ఆ పని వాళ్ళే చూస్తారు.

కర్నూలు_షార్జా
మాది కువైట్ కాదు, కానీ కథ ఒకటే. అద్దె తక్కువని షార్జాలో ఉండి దుబాయ్‌లో పనిచేస్తున్నాను, మెట్రో షార్జాకి రాదు, బస్సు దిగి మెట్రో ఎక్కాలి. మిగిల్చిన డబ్బులో కొంత దారిలోనే పోతుంది. నీ 15 దినార్ల లెక్కలో బయట తాగే టీ, బస్సు తప్పిన రోజు టాక్సీ కూడా కలుపుకో.

ఖైతాన్_బద్వేలు
అందరూ దగ్గరగా ఉండమనే చెప్తున్నారు, నేను ఇంకో వైపు చెప్తాను. 2021లో మా నాన్న పోయాడు. ఫోను వచ్చింది రాత్రి ఒంటిగంటకి. నేనుండే రూములో ఉన్న ఆరుగురూ మన బద్వేలు, మైదుకూరు వైపు వాళ్ళే. ఒకరు టికెట్ చూశారు, ఒకరు ముదీర్‌కి, అంటే మేనేజరుకి, ఫోన్ చేశారు, వంటింట్లో ఎవరో ఏడుస్తున్నారు, నేను మాత్రం గోడకి ఆనుకుని కూర్చున్నాను. టికెట్ డబ్బులు ఎవరు ఎంత వేశారో ఇప్పటికీ నాకు చెప్పలేదు. భాష తెలియని వాళ్ళ మధ్య, కొత్త క్యాంపులో ఉండి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేవాణ్ణో తెలియదు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొదటి ఆరు నెలలు చాలా కష్టం. జ్వరం వస్తే ఇంత జావ కాచి ఇచ్చే మనిషి ఉండడం చిన్న సంగతి కాదు. మీ అమ్మ చెప్పినదాంట్లో తప్పు లేదు తమ్ముడూ.

రాయచోటి_ఫహాహీల్
బద్వేలు అన్నా, నీ మాట కాదనను. కానీ ఫహాహీల్, మంగఫ్ వైపు కూడా మన రాజంపేట, రాయచోటి వాళ్ళు ఉన్నారు, వెతుక్కుంటే దొరుకుతారు. నిద్ర పోయాక మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ఎస్టిమేటర్_యర్రగుంట్ల
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. నువ్వు దిగేది ఆగస్టులో. అప్పుడు స్కూళ్ళకి సెలవులు, చాలామంది ఊళ్ళకి పోయి ఉంటారు, రోడ్లు ఖాళీ. చిన్నాన్న రూము నుంచి రెండు వారాలు తిరిగి చూసి "పర్వాలేదు, ఇంతే కదా" అనిపిస్తుంది. సెప్టెంబరులో స్కూళ్ళు తెరిచాక అదే రోడ్డు మీద పొద్దున ఆరున్నర నుంచి బండి కదలదు. నేను సరిగ్గా అలాగే మోసపోయి ఏడాది అద్దెకి ఒప్పుకున్నాను.

దానికి తోడు జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది, అందుకని చాలా సైట్లలో డ్యూటీ తెల్లవారుజామునే మొదలుపెడతారు. సెప్టెంబరులో ఆ టైము మళ్ళీ మారుతుంది. అంటే నువ్వు ఆగస్టులో చూసేది అసలు డ్యూటీ టైమూ కాదు, అసలు ట్రాఫిక్కూ కాదు. అక్టోబరు దాకా ఏడాది అద్దెకి ఎవరికీ మాట ఇవ్వకు.

ఎండ కూడా లెక్కలోకి తీసుకో. మన ప్రొద్దుటూరులో 44 చూశాం కదా అనుకుంటాం, ఇక్కడ జూలై, ఆగస్టుల్లో 50కి దగ్గరగా పోతుంది, గాలి కూడా వేడే. రూము నుంచి బస్సు ఆగే చోటికి పది నిమిషాల నడక అంటే మ్యాప్‌లో ఏమీ కాదు, ఆ ఎండలో డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఆ పది నిమిషాలే ప్రాణం తీస్తాయి.

ప్రొద్దుటూరు_మెకానికల్
ఇవేవీ నాకు తెలియదు అన్నా. ఒకవేళ చిన్నాన్న దగ్గరే ఉండి, ఎవరి కారులోనైనా నెలకి ఇంత అని మాట్లాడుకుని పోతే?

కడప_కరీం
ఆ పని చెయ్యొద్దు. సొంత కారులో డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పడం ఇక్కడ నేరం, పట్టుబడితే తిప్పేవాణ్ణి దేశం నుంచే పంపించేస్తారు. ఆ పొద్దున నువ్వు సగం దారిలో నిలబడిపోతావు. సొంతంగా లైసెన్సు తీసుకోవాలన్నా మన ఇండియా లైసెన్సు చూపిస్తే ఇచ్చేయరు, జీతం, చదువు, హోదా మీద షరతులు ఉన్నాయి. మొదటి ఏడాది కారు ఆలోచన పక్కన పెట్టు.

రాజంపేట_చిన్ని
ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. 20 నంబరు వీసా మీద ఇంటి పనికి వెళ్ళి పదకొండేళ్ళు ఉంది. ఎక్కడ ఉండాలి అనే ప్రశ్న ఆమెకి రాలేదు, పనిచేసే ఇల్లే ఉండే ఇల్లు, తలుపు దాటాలన్నా అడగాలి. డ్యూటీ అయిపోయాక పోవడానికి వేరే చోటు ఉండడం ఎంత పెద్ద సంగతో అమ్మ చెప్తేనే నాకు తెలిసింది. మీకు రెండు చోట్లు ఉన్నాయి, నిదానంగా చూసుకోండి అన్నా.

ప్రొద్దుటూరు_మెకానికల్
నాలుగు రోజులు పట్టింది, మందూబ్ నంబరు దొరికింది. రూముకి నలుగురు, వంటిల్లు ఉంది, మూడో అంతస్తు. వీడియోలో చూశాను, మెట్లు ఖాళీగానే ఉన్నాయి, మేడ తలుపు సంగతి అతనికి తెలియదన్నాడు, దిగాక నేనే చూస్తాను. బస్సు మహబూలా నుంచే బయలుదేరి నేరుగా సైట్‌కి పోతుందట, ఫర్వానియా వైపు బస్సే లేదు! ఆ ఒక్క మాట ఏజెంటు నాకు చెప్పలేదు. చిన్నాన్నకి ఫోన్ చేస్తే అడ్రస్ పెట్టడం కుదరదని ఆయనే చెప్పాడు, అద్దె కాగితం వేరేవాళ్ళ పేరు మీద ఉందట.

అందుకని ముందు కంపెనీ రూములోనే దిగుతున్నాను. మూడు నెలల తర్వాత అలవెన్స్‌కి మారొచ్చని మెయిల్‌లో రాయించుకున్నాను. శుక్రవారం సెలవు, గురువారం రాత్రి చిన్నాన్న దగ్గరికి పోతాను. అమ్మకి ఇంకా పూర్తిగా నచ్చలేదు, బద్వేలు అన్న రాసింది చదివి వినిపించాను, అప్పటి నుంచి ఇంకా టెన్షన్ పడుతోంది.

ఖైతాన్_బద్వేలు
అమ్మకి నా నంబరు ఇవ్వు తమ్ముడూ, మెసేజ్‌లో పంపిస్తాను. నేను మాట్లాడతాను.

రాయచోటి_ఫహాహీల్
మహబూలా నాకు దగ్గరే. దిగిన రోజు ఫోన్ చెయ్, సిమ్ లేకపోతే కింద బకాలా, అంటే చిల్లర కొట్టు, వాణ్ణి అడిగి చెయ్. మొదటి గురువారం ఫర్వానియాకి బస్సు ఎక్కడ ఎక్కాలో నేనే వచ్చి చూపిస్తాను. చెనిక్కాయల పొడి రెండు డబ్బాలు పెట్టుకో, ఒకటి చిన్నాన్నకి, ఒకటి రూములో ఉండే ముగ్గురికి.