ఉప్పుగాలికి తుప్పు పడుతున్న పాత గడ్డి యంత్రాలను కాపాడుకోవడం ఎలా?

మైపాడు దారి పెరడు (ప్రశ్న):
నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరగా మా తాతగారు కట్టించిన ఇల్లు, దాని ముందు కొద్దిపాటి పచ్చిక ఉన్నాయి. పచ్చిక కోయడానికి చేత్తో తోసే పోత ఇనుప రీలు యంత్రం (చుట్టులా తిరిగే బ్లేడ్లు కింది పట్టీకి ఆనుతూ గడ్డిని కత్తిరించేది) ఒకటి, పెట్రోలు యంత్రం ఒకటి వాడుతున్నాము. రెండూ పాతవే అయినా పనిలో వంక పెట్టడానికి లేదు. వాడిన ప్రతిసారీ బోరు నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పట్టా కప్పి షెడ్డులో ఉంచుతున్నాము. అయినప్పటికీ ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసేసరికి రీలు బ్లేడ్ల మీద ఎర్రటి పొర, పెట్రోలు యంత్రం అడుగు రేకు మీద పెచ్చులుగా ఊడే తుప్పు కనిపిస్తున్నాయి. రంగు వేయించాలా, నూనె మార్చాలా అన్నది అనుభవజ్ఞులు తెలియజేయగలరు. కొత్తది కొనమనే సలహా మాత్రం దయచేసి వద్దు.

కొత్తపట్నం తోటమాలి:
నమస్కారమండి. నూనె సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ బోరు నీటిని ఒకసారి నాలుక మీద వేసి చూడండి. ఉప్పగా ఉంటే మీ తుప్పులో సగం అక్కడి నుంచే వస్తోంది. నీరు ఆరిపోయినా అందులోని ఉప్పు ఇనుము మీదే మిగిలిపోతుంది; గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు, వానాకాలంలో జాడీలోని ఉప్పు చెమ్మగిల్లినట్టే, తేమను పీల్చుకుని తనంతట తాను నీరవుతుంది. ఆ పైన మీరు పూసిన నూనె ఉప్పును లోపలే మూసిపెడుతుంది తప్ప తుప్పును ఆపదు.

కాబట్టి రోజూ కడగడం మానేయండి. కోత అయిన వెంటనే, గడ్డి పచ్చిగా ఉండగానే చెక్క ముక్కతో గీకి, గట్టి బ్రష్షుతో దులిపితే చాలు. అడుగు రేకుకు అంటుకున్న గడ్డి ముద్ద రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. తప్పనిసరిగా కడగవలసి వస్తే తాగే నీరు ఒక బకెట్ వాడి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే నూనె పూయండి. నేలను తాకేలా పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది. దానికంటే చెక్క పలకల మీద నిలబెట్టి గాలి ఆడనివ్వడం మేలు. షెడ్డులో యూరియా, పొటాష్ బస్తాలు ఉంటే వెంటనే వేరే చోటికి మార్చండి. అవి కూడా తేమను లాగుతాయి, ఇనుమును తినేస్తాయి.

ఒంగోలు ఇంజను పనులు:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. అయితే పట్టిన తుప్పును తీయకుండా రంగు వేయిస్తే అది రంగు కిందే పెరుగుతుంది. ముందుగా స్పార్క్ ప్లగ్గు వైరు ఊడదీయండి, ఇందులో మినహాయింపు లేదు. తర్వాత కార్బ్యురేటరు పైవైపుకు ఉండేలా యంత్రాన్ని వాల్చి, పెచ్చులను వైరు బ్రష్షుతో రాల్చి, ఎమరీ పేపరుతో రుద్ది, తుడిచి, రెడ్ ఆక్సైడ్ పూత మీద ఎనామిల్ రంగు వేయించండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పనికొస్తుంది. రీలు బ్లేడ్ల అంచులకు మాత్రం రంగూ కన్వర్టరూ వద్దు; వాల్వులు నూరే పేస్టు పూసి రీలును వెనక్కి తిప్పితే పైపై తుప్పు పోవడమే కాక పదును కూడా వస్తుంది. పేస్టును కిరసనాయిలుతో పూర్తిగా కడిగేయాలి. రీలు కాగితం ముక్కను చిరగకుండా కోస్తే బ్లేడ్లకూ కింది పట్టీకీ అమరిక కుదిరినట్టు.

వానలకు ముందు ట్యాంకు కూడా ఖాళీ చేయండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఉండే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానితో ట్యాంకు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

కావలి రైతుబిడ్డ:
ఇంత శ్రమ దేనికండి? మా ఊళ్లో పారలకూ నాగళ్లకూ కాలిపోయిన ఇంజన్ ఆయిల్ పూస్తారు, ఏమీ కాదు.

కొత్తపట్నం తోటమాలి:
నాగలి సంగతి వేరు, తమ్ముడూ. అది దున్నేటప్పుడు మట్టిలో రాసుకుని తనకు తానే మెరుగెక్కుతుంది. వాడిన ఇంజన్ ఆయిల్లో ఆమ్లాలు, లోహపు నుసి ఉంటాయి, చర్మానికీ మంచిది కాదు. పైగా ఆ నూనె బొట్లు పడిన చోట పచ్చిక మాడుతుంది. బ్లేడ్లకు పల్చగా గ్రీజు రాసి, వాడే ముందు గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తరిమేందుకు మంచిదే కానీ, ఆ పొర పల్చన, సీజన్ అంతా నిలవదు. చెక్క పిడులకు అవిసె నూనె పట్టించవచ్చు. అది పీల్చిన గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి, వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టండి.

మైపాడు దారి పెరడు:
అందరికీ ధన్యవాదాలు. బోరు నీరు ఉప్పగానే ఉంది. అడుగు రేకుకు ఒక మూల పెన్సిలు దూరేంత చిల్లు కూడా కనిపించింది. దానికి అతుకు వేయించవచ్చా?

ఒంగోలు ఇంజను పనులు:
చిల్లు చుట్టూ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగకపోతే వెల్డింగుతో అతుకు వేయించవచ్చు, ముందు ట్యాంకును పెట్రోలుతో సహా విప్పి దూరంగా పెట్టించండి. దిగిపోతే మాత్రం ఆ రేకును నమ్మవద్దు, బ్లేడు తిరిగేటప్పుడు రాయి ఎగిరితే కాళ్లకు అడ్డుగా ఉండేది అదొక్కటే.